డీఎంకేలో ఇరవై ఏళ్ల ఖాళీ కుర్చీ

ప్రశ్న: డీఎంకే జనరల్ కౌన్సిల్ వార్తల్లో ప్రధాన కార్యదర్శి పేరు గట్టిగానే వినిపిస్తుంది, చివరి మాట మాత్రం అధ్యక్షుడిదే. పార్టీ పెట్టినప్పుడూ ఇంతేనా? తొలి అధ్యక్షుడు కరుణానిధిగారేనా?
– ఓ పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: తొలి అధ్యక్షుడు ఆయనే, కానీ పార్టీ పుట్టిన ఇరవై ఏళ్లకి! 1949లో పెరియార్ దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో, తనకన్నా చాలా చిన్నదైన మణియమ్మైని పెళ్లి చేసుకోవడంతో ఆయన నడిపే సంస్థ ద్రావిడ కళగంలో గొడవ మొదలైంది. అణ్ణాదురై వర్గం బయటికొచ్చి సెప్టెంబరు 17న డీఎంకే పెట్టింది. రాయపురం రాబిన్సన్ పార్కులో తొలి సభ వానలోనే జరిగిందట. విడిపోయినా మా నాయకుడు పెరియారే అంటూ అధ్యక్ష పదవి ఆయన కోసం ఖాళీగా ఉంచేసి, అణ్ణా ప్రధాన కార్యదర్శిగా పార్టీని నడిపారు. గౌరవం సంగతి సరే, నాకైతే అందులో మంచి రాజకీయం కూడా కనిపిస్తుంది, పెరియార్ అభిమానులు దూరం కాలేదు, పెత్తనమూ చేజారలేదు.

అప్పటి పెద్దలు ఐదుగురు: అణ్ణా, ఈవీకే సంపత్, నెడుంజెళియన్, మదియళగన్, ఎన్వీ నటరాజన్. పాతికేళ్ల కరుణానిధి ఆ ఐదుగురిలో లేరు. సంపత్ 1961లో వెళ్లిపోయి సొంత పార్టీ పెట్టుకున్నారు.

1967లో అధికారం వచ్చింది, 1969 ఫిబ్రవరిలో అణ్ణా పోయారు. ముఖ్యమంత్రి అయిన కరుణానిధి అదే ఏడాది ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నారు, నెడుంజెళియన్ ప్రధాన కార్యదర్శి అయ్యారు. మీరడిగిన తేడా అక్కడే వచ్చింది. 1972లో కోశాధికారి ఎంజీఆర్ పార్టీ డబ్బు లెక్కలు అడిగితే బయటికి పంపేశారు, అన్నాడీఎంకే అలా పుట్టింది. అన్బళగన్ 1977 నుంచి 2020లో పోయేదాకా ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు, అయినా ఆయన్ని నంబర్ టూ అనే అనేవారు కదా. కరుణానిధి 2018లో చనిపోయాక ఆగస్టు 28న జనరల్ కౌన్సిల్ స్టాలిన్‌ని పోటీ లేకుండానే అధ్యక్షుణ్ణి చేసింది.

ప్రశ్న: ఈ కథలో మన తెలుగువాళ్లెవరూ లేరా?
– అదే పాఠకుడు

జవాబు: ఎందుకు లేరండీ! ద్రావిడ కళగానికి మూలం 1916లో మొదలైన జస్టిస్ పార్టీ. దాన్ని పెట్టినవాళ్లలో పిట్టి త్యాగరాయ చెట్టి మనవాడే, చెన్నై టీ నగర్‌లో ‘టీ’ ఆయనే. అక్కడి పానగల్ పార్కు పేరు కూడా జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) చేసిన పానగల్లు రాజా రామరాయణింగారిదే.