కరెంటు పోయినా సోలార్ నడవాలంటే ముందు మోటారు సంగతి చూడాలి

ప్రశ్న: "అచ్చంపేట దగ్గర మా పల్లికాయ మిల్లు మీద 20 కిలోవాట్ల సోలార్ ఉంది. నడి మధ్యాహ్నం ఎండ మండుతున్నా, కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతోంది. బ్యాటరీ పెట్టి మిల్లును సొంత మైక్రోగ్రిడ్‌లా, అంటే ఊరి లైన్‌తో పనిలేని చిన్న గ్రిడ్‌లా, నడుపుకోవచ్చా?"

నడుపుకోవచ్చు. దేవరకొండ వైపు ఒక పాల చిల్లింగ్ సెంటర్‌లో ఎలక్ట్రికల్ పని నేనే చూస్తాను. మాకు 25 కిలోవాట్ల సోలార్, బ్యాటరీ, డీజిల్ జనరేటర్ ఉన్నాయి. కానీ అది కుదురుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. మేం పడ్డ ఇబ్బంది మీరు పడకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ సోలార్ ఆగిపోవడం లోపం కాదు, అలా ఆగిపోవాలనే దాన్ని చేశారు. మీ ఇన్వర్టర్, అంటే సోలార్ కరెంటును లైన్ కరెంటుగా మార్చే పెట్టె, లైన్‌లో వచ్చే 50 హెర్ట్జ్ అలను (సెకనుకు 50 సార్లు ఊగే కరెంటును) చూసి, దానికి తాళం కలుపుతూ కరెంటు తోస్తుంది. అల లేకపోతే అదీ లేదు. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ ఆపించే అనుమతి) తీసుకుని స్తంభం ఎక్కినప్పుడు మీ మిల్లు నుంచి వెనక్కి కరెంటు వెళ్తే మనిషి ప్రాణం పోతుంది. అందుకే సొంతంగా నడపాలంటే రెండు కావాలి: గ్రిడ్ నుంచి పూర్తిగా విడగొట్టే స్విచ్, ఆ అలను తానే పుట్టించే బ్యాటరీ ఇన్వర్టర్. దాన్ని గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్ అంటారు. మిగతావన్నీ దాని వెంట నడుస్తాయి.

మేం మొదట దెబ్బతిన్నది ఇక్కడే. ప్లాంట్ పెట్టినవాళ్లు నెలకు ఎన్ని యూనిట్లు వాడతామో లెక్కేసి 30 కేవీఏ (ఎంత లోడ్ మోయగలదో చెప్పే కొలత) బ్యాటరీ ఇన్వర్టర్ ఇచ్చారు. మా కంప్రెసర్ 10 హెచ్‌పీ, నడిచేటప్పుడు 14 ఆంపియర్లు తీసుకుంటుంది. కాబట్టి సరిపోతుందనే అనుకున్నాం. మొదటిసారి గ్రిడ్ తీసేసి కంప్రెసర్ బటన్ నొక్కగానే మోటారు ఒక్కసారి గుర్రుమంది, ల్యాబ్‌లో ట్యూబ్‌లైట్లు మసకబారాయి, అంతా ఆరిపోయింది. మోటారుకు ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇచ్చే డైరెక్ట్ స్టార్టర్ మీద అది లేచేటప్పుడు ఆరు రెట్ల దాకా లాగుతుంది, అంటే 84 ఆంపియర్ల దాకా. 30 కేవీఏ ఇన్వర్టర్ మామూలుగా ఇచ్చేది 42, కొన్ని సెకన్లు రెట్టింపు ఇచ్చినా 84. అప్పటికే లైట్లు, పంపులు నడుస్తున్నాయి.

పెద్ద గ్రిడ్‌లో ఇలాంటి కుదుపు ఎవరికీ తెలియదు. శ్రీశైలంలో, సాగర్‌లో తిరిగే టర్బైన్ల బరువే ఆ క్షణాన్ని మోస్తుంది. మన చిన్న గ్రిడ్‌లో ఆ బరువు లేదు. మోటారును తక్కువ వోల్టేజీ మీద లేపే స్టార్ డెల్టా స్టార్టర్ పెడితే స్టార్టింగ్ కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది, కానీ టార్క్ (తిప్పే బలం) కూడా అంతే తగ్గుతుంది. గ్యాస్ ప్రెషర్ మీదున్న కంప్రెసర్ దానికి లేవలేదు. చివరికి మోటారు వేగాన్ని మెల్లగా పెంచే డ్రైవ్ (వీఎఫ్‌డీ) పెట్టాం. ఇప్పుడు మోటారు నెమ్మదిగా వేగం అందుకుంటుంది, లైట్లు కదలవు. పెద్ద ఇన్వర్టర్ కొనేకంటే అదే చవక.

రెండో దెబ్బ దీనికి తలకిందులు. ఒక రోజు మధ్యాహ్నం బ్యాటరీ నిండుగా ఉంది, ఎండ ఫుల్లుగా ఉంది, కంప్రెసర్ ఆగింది. వచ్చే కరెంటు ఎక్కడికి పోవాలి? ఇలాంటప్పుడు బ్యాటరీ ఇన్వర్టర్ కావాలనే ఫ్రీక్వెన్సీని, అంటే ఆ 50 హెర్ట్జ్ అంకెను, పెంచుతుంది. మాకు చేసిన సెట్టింగ్ ప్రకారం 51 దాటితే సోలార్ తగ్గుతూ వచ్చి 52 దగ్గర సున్నా కావాలి. వాటి మధ్య వేరే వైరేమీ అక్కర్లేదు, ఫ్రీక్వెన్సీయే కబురు. కానీ మా సోలార్ ఇన్వర్టర్‌లో ఆ సెట్టింగ్ మార్చనే లేదు. అది తగ్గకుండా ఒక్కసారిగా ట్రిప్ అయ్యేది, కాసేపాగి మళ్లీ ఫుల్లుగా వచ్చేది, మళ్లీ ట్రిప్. మీటర్ మీద అంకెలు ఎక్కుతూ దిగుతూ ఉంటే టెన్షన్‌తో చూస్తూ నిలబడ్డాం. సెట్టింగ్ సరిచేశాక ఆ బాధ పోయింది. కొనేముందే మీ సోలార్ ఇన్వర్టర్‌కు ఈ గుణం ఉందో లేదో అడగండి.

తర్వాత 15 కేవీఏ బ్యాటరీ ఇన్వర్టర్ ఇంకోటి చేర్చాం. రెండు ఇన్వర్టర్లు కొట్లాడకుండా బరువు (లోడ్) పంచుకోవడానికి డ్రూప్ అనే పద్ధతి ఉంది. బరువు పెరిగేకొద్దీ రెండూ ఫ్రీక్వెన్సీని కొంచెం దించుతాయి. ఖాళీగా 50, పూర్తి బరువు మీద 49 అని రెండింటికీ పెడితే, 22 కిలోవాట్ల లోడ్ దగ్గర రెండూ 49.5కు కాస్త అటూఇటూగా కుదురుకుంటాయి. పెద్దది 15, చిన్నది 7 మోస్తాయి. కాడికి కట్టిన ఎద్దుల్లాగే, ఒకటి వెనకబడితే రెండోదాని మెడ మీద బరువు పడుతుంది. ఆ తగ్గిన ఫ్రీక్వెన్సీని మళ్లీ 50కి తేవడం పైనున్న కంట్రోలర్ పని, అది నిదానంగా చేస్తుంది.

బ్యాటరీ గురించి నా అభిప్రాయం ఒకటే: వీలైనంత తక్కువ కొనండి. వెయ్యి లీటర్ల పాలను 35 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దించడానికి మాకు 12–14 యూనిట్లు పడుతుంది. సాయంత్రం పాలకు కావలసిన చల్లదనాన్ని మధ్యాహ్నం ఎండలోనే ఐస్ బ్యాంకులో (మంచు నిల్వ చేసే ట్యాంకులో) మంచుగా చేసి పెట్టుకుంటాం. మీరూ కాయ ఒలవడం పగలే పెట్టుకుంటే బ్యాటరీ మీద రాత్రి లైట్లు, తూకం మాత్రమే ఉంటాయి.

సేఫ్టీ విషయంలో ఎవరూ చెప్పని రెండు సంగతులు. గ్రిడ్‌లో షార్ట్ అయితే వందల ఆంపియర్లు పారి ఎంసీబీ (లైన్‌ను తానే తెంచే బ్రేకర్) వెంటనే పడుతుంది. ఇన్వర్టర్ అంత ఇవ్వలేదు. 16 ఆంపియర్ల సీ టైపు (ఎక్కువ కరెంటుకే పడే రకం) ఎంసీబీ తక్షణం పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. అందుకే లైట్ల లైన్లకు 10 ఆంపియర్ల బీ టైపు వేశాం, దానికి 30–50 చాలు. రెండోది న్యూట్రల్. విడగొట్టే స్విచ్ నాలుగు పోల్స్‌నూ (మూడు ఫేజులు, న్యూట్రల్) తెంచితే గ్రిడ్ వైపు ఎర్తింగ్ కూడా పోతుంది. సొంతంగా నడిచేటప్పుడు మాత్రమే న్యూట్రల్‌ను మీ ఎర్త్‌కు కలిపే రిలే ఉండాలి. అది లేకపోతే మోటారు బాడీకి కరెంటు తగిలినా ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి లైన్ తెంచే బ్రేకర్) పడదు.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు వెంటనే కలపకూడదు. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజ్ (అల ఎక్కే, దిగే క్షణం) మూడూ సరిపోయాకే కలవాలి. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ లైన్ మీద దక్షిణ గ్రిడ్ దేశ గ్రిడ్‌తో ఒకే తాళంలోకి వచ్చినప్పుడూ సూత్రం ఇదే. మీ మిల్లుకు ఆ పని సింక్ చెక్ (ఈ మూడూ కలిశాయో లేదో చూడటం) ఉన్న కంట్రోలర్ చేస్తుంది. చేతి స్విచ్‌తో ప్రయత్నించకండి.

కొటేషన్లు అడగకముందు ఒక పని చేయండి. ఇన్‌రష్ (మోటారు లేచేటప్పటి కరెంటు) కొలిచే క్లాంప్ మీటర్ ఎవరి దగ్గరైనా తెచ్చి, కాయ నింపిన మిషన్‌ను స్టార్ట్ చేసి, ఎన్ని ఆంపియర్లు వచ్చిందో రాసుకోండి. ఆ అంకె, మోటారు నేమ్‌ప్లేట్ ఫొటో ఇక్కడ పెడితే ఎంత కేవీఏ కావాలో లెక్కగట్టి చెప్తాను.