చైనాలో ఇంటర్నెట్ మీద అంత నిఘా ఉంటే జనం ఎలా మాట్లాడుకుంటారు?

2022లో షాంఘైలో ఉద్యోగం చేశాను కాబట్టి చూసింది చెప్తాను. అందరూ వీపీఎన్ (ఆపేసిన సైట్లని దొడ్డిదారిన తెరిచే యాప్) వాడేస్తారని చాలామంది అనుకుంటారు. వీపీఎన్ వాడటాన్ని అక్కడి వాళ్ళ భాషలోనూ ‘గోడ దూకడం’ అనే అంటారు (గోడ అంటే బయటి సైట్లని ఆపే ప్రభుత్వ ఫిల్టర్), కానీ మా టీమ్‌లో గోడ దూకేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండేవారు, అంతే. ఫేస్‌బుక్, ట్విట్టర్ 2009లోనే ఆగిపోయాయి, గూగుల్ సెర్చ్ 2010లో వెళ్ళిపోయింది, దాంతో కుర్రాళ్ళకి అవి లేవన్న బెంగ కూడా లేదు. జరిగేదంతా గోడ లోపలే, వీచాట్‌లో (అక్కడి వాట్సాప్ లాంటిది), వీబోలో (ట్విట్టర్ లాంటిది).

ఆ ఏప్రిల్‌లో కరోనా లాక్‌డౌన్, సుమారు రెండున్నర కోట్ల మంది ఉన్న ఊరు ఇళ్ళల్లోనే. మా బిల్డింగ్ గ్రూపులో పొద్దున లేస్తే గుడ్లు, కూరగాయల ఆర్డర్ల గొడవే. 22న ‘ఏప్రిల్ గొంతులు’ అని ఒక వీడియో వచ్చింది. ఆరు నిమిషాలుంటుందేమో, పైనుంచి తీసిన నగరం, నలుపు తెలుపులో, వెనకాల జనం మాటలు: సరుకులు పంచమని అరిచేవాళ్ళు, తండ్రిని ఆసుపత్రిలో చేర్చుకోమని బతిమాలే కొడుకు. నేను సగం చూసేలోపే మాయం. కాసేపటికి మళ్ళీ వచ్చింది, తలకిందులుగా! ఫోన్ తిప్పితే బొమ్మ కూడా తిరిగిపోతోంది, రొటేషన్ లాక్ పెట్టి చూశాను. అదీ పోయింది. తర్వాత ఏదో కార్టూన్ మధ్యలో అతికించి పెట్టారు. ఒకసారి తీసేసిన ఫైల్ మళ్ళీ వస్తే సాఫ్ట్‌వేర్ ఇట్టే పట్టేస్తుంది, తిప్పినా కత్తిరించినా అది దానికి కొత్త ఫైలే, పట్టుకునేదాకా కాస్త టైమ్ దొరుకుతుంది. మా పక్క ఫ్లాట్ పెద్దావిడ, రాజకీయాలు ఏనాడూ ఎత్తని మనిషి, వచ్చింది వచ్చినట్టు ఫార్వర్డ్ చేస్తూ కూర్చుంది. ఆవిడకి అది ఉద్యమం కాదు, తను చెవులారా విన్నదాన్ని లేదంటున్నారన్న ఉక్రోషం.

ఈ విద్య కొత్తదేం కాదు. 2020 మార్చిలో కరోనా గురించి మొదట్లోనే హెచ్చరించిన వుహాన్ డాక్టర్ ఐ ఫెన్ ఇంటర్వ్యూ తీసేస్తే జనం దాన్ని వెనక నుంచి ముందుకు రాశారు, ఎమోజీల్లో రాశారు, మోర్స్ కోడ్‌లో కూడా పెట్టారు. జూన్ 4 (1989లో తియానన్మెన్ నిరసనకారుల్ని సైన్యం అణచివేసిన రోజు) అనకూడదు కాబట్టి, మే 31 తర్వాత నాలుగు రోజులు లెక్కేసి ‘మే 35’ అన్నారు (అది కూడా ఆపేశారనుకోండి).

మళ్ళీ 2022కి వస్తే, నవంబర్ 24న పశ్చిమ చైనాలోని ఉరుమ్‌చి నగరంలో అగ్నిప్రమాదం జరిగి పది మంది చనిపోయారు, లాక్‌డౌన్ అడ్డంకుల వల్లే బయటపడలేకపోయారని జనం నమ్మారు. షాంఘైలో ఆ నగరం పేరుతోనే ఒక రోడ్డు ఉంది. అక్కడ చేరి తెల్ల ఏ4 కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. రాసిందేమీ లేదు, చెరిపేయడానికీ ఏమీ లేదు. నేను వెళ్ళలేదు, వీసా భయం, నిజమే చెప్తున్నాను. తర్వాత పోలీసులు వీధుల్లో ఫోన్లు అడిగి వీపీఎన్, టెలిగ్రామ్ ఉన్నాయేమో చూస్తున్నారని తెలిసి, టెన్షన్‌తో ఆ రాత్రే నా వీపీఎన్ తీసేశాను. ఎవరూ చెప్పకుండానే, నాకు నేనే. అక్కడ సెన్సార్ పనిలో సగం ఇలా మనమే చేసిపెడతాం.

డిసెంబర్ 7న ఆంక్షలు సడలించారు. మా గ్రూపులో ఒకటే సంబరం. కాగితాలు పట్టుకున్నవాళ్ళలో కొందరిని మాత్రం ఆ తర్వాత ఒక్కొక్కరినీ పట్టుకెళ్ళారు. దాని గురించి గ్రూపులో ఒక్క మెసేజ్ రాలేదు, తలకిందులుగా కూడా.