‘800 బాలాస్’ చూడొచ్చా? వెస్టర్న్ సినిమాల అభిమానికి నా జవాబు

తప్పకుండా చూడండి. వెస్టర్న్‌లకి, అంటే కౌబాయ్ సినిమాలకి, పేరుపడ్డ ఇటాలియన్ దర్శకుడు సెర్గియో లియోన్ సినిమాలన్నీ చూసేశానని, ఈ స్పానిష్ కామెడీని కొందరు ఆకాశానికెత్తుతుంటే ఇంకొందరు అతుకుల బొంత అంటున్నారని రాశారు. అతుకులు ఉన్న మాట నిజమే. అయినా వెస్టర్న్‌లని ప్రేమించేవాళ్ళు వదులుకోకూడని సినిమా ఇది.

ముందు ఆ చోటు గురించి చెప్పాలి. స్పెయిన్‌కి దక్షిణాన అల్మెరియా దగ్గర తబెర్నాస్ అనే ఎడారి ఉంది. 1960ల్లో లియోన్ క్లింట్ ఈస్ట్‌వుడ్ హీరోగా తీసిన ‘డాలర్’ సినిమాల్లో చాలా భాగం అక్కడే తీశాడు. మనం టెక్సాస్ అనుకుని చూసిన మట్టి అదే. బయటి యూనిట్లు వరసగా దిగుతుంటే గుర్రపు స్వారీ చేయడం, తూటా తగిలినట్టు మేడ మీంచి పడటం అక్కడివాళ్ళకి బతుకుతెరువు అయింది. తర్వాత వెస్టర్న్‌ల జోరు తగ్గింది, యూనిట్లు వెళ్ళిపోయాయి, సెట్లు మిగిలాయి. వాటిలో టూరిస్టుల కోసం ఇప్పటికీ కాల్పుల షోలు వేస్తారు.

2002లో ఆలెక్స్ దె లా ఇగ్లేసియా అలాంటి ఒక సెట్లోనే, అలా మిగిలిపోయిన మనుషుల మీద ఈ సినిమా తీశాడు. హులియాన్ ఒకప్పటి డూప్. క్లింట్ ఈస్ట్‌వుడ్‌తో పనిచేశానని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటాడు. కొడుకు షూటింగ్ ప్రమాదంలో పోయాడు, దానికి కారణం మామగారేనని కోడలు సంబంధాలు తెంచుకుంది. తాత ఉన్నాడని తెలిసిన మనవడు ఇంట్లో చెప్పకుండా అల్మెరియా చేరతాడు. కోడలు పనిచేసేది పెద్ద రియల్ ఎస్టేట్ కంపెనీలో. ఇక గొడవ ఎటు పోతుందో మీరు ఊహించుకోవచ్చు. పేరులో ఉన్న 800 తూటాలు అసలైన తూటాలు.

మధ్యలో వచ్చే షో సీన్ల కోసమే ఈ సినిమా చూడాలంటాను. ఎండలో కూర్చున్న కొద్దిమంది టూరిస్టులు, వాళ్ళ ముందు వయసు మీరిన మనుషులు రోజూ అవే చావులు చస్తుంటారు. ఆ ముఠాలో ఒకడు ‘ఉరితీయబడ్డవాడు’, ఒకడు ‘ఈడ్చబడ్డవాడు’, ఒకడు ‘కాటికాపరి’. షోలో చేసే పనే వాళ్ళ పేరైపోయింది. మా మేనమామ మద్రాసులో ఫైటర్‌గా చాలా ఏళ్ళు చేశారు. అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపులు వేసుకుని దూకిన కాలం మనిషి. ఆయనతో కూర్చుని చూశాను. ఆయనకి స్పానిష్ రాదు, సబ్‌టైటిల్స్ చదవలేదు. “చూడు, భుజం ముందు ఆనించాడు, తల లోపలికి లాక్కున్నాడు, వీడికి పని తెలుసు” అంటూ పడిన ప్రతివాడినీ గమనించారు. లియోన్‌కి దండం పెట్టిన సినిమాలు చాలా వచ్చాయి. హీరో బదులు కింద పడినవాడికి దండం పెట్టిన సినిమా నాకు ఇదొక్కటే దొరికింది.

హులియాన్‌గా వేసిన సాంచో గ్రాసియా 1970ల్లో ‘కుర్రో హిమేనెస్’ అనే టీవీ సీరియల్‌లో బందిపోటు వేషంతో స్పెయిన్ అంతటికీ తెలిసిన నటుడు. బడాయి, తాగుడు, లోపల కొడుకు పోయిన బాధ మూడూ ఆయన ముఖంలో ఒకేసారి కనిపిస్తాయి. కథ సడలిన చోట కూడా ఆయన్ని చూస్తూ కూర్చోవచ్చు.

ఇక లోపాలు. మాడ్రిడ్‌లో జరిగే మొదటి భాగం సాగుతుంది. పిల్లాడిని ముందు పెట్టుకుని పెద్దవాళ్ళు చేసే మోటు సరసం ఒకచోట మరీ ఇబ్బంది పెడుతుంది. ఇంట్లో పిల్లలతో కలిసి చూడొద్దు. అన్నిటికంటే పెద్ద చిక్కు చివర్లో. అప్పటిదాకా నవ్వించిన దర్శకుడు కథని ఒక్కసారిగా పోలీసులతో నిజమైన కాల్పుల్లోకి దించుతాడు. భయపడాలో, నవ్వాలో, ఏడవాలో తేల్చుకునేలోపు సీన్ మారిపోతుంది. రోకే బాన్యోస్ సంగీతం వెస్టర్న్ ఊపులో మోగుతూ ఆ తడబాటుని చాలావరకు కప్పిపుచ్చుతుంది, పూర్తిగా కాదు.

మన దగ్గర కూడా ఈ పిచ్చి పాతదే. 1971లో ఆరుద్ర రాసిన ‘మోసగాళ్ళకు మోసగాడు’తో కృష్ణ గారు తెలుగుకి కౌబాయ్‌ని తెచ్చారు. ఈ స్పానిష్ సినిమా వచ్చిన 2002లోనే మహేష్ బాబు ‘టక్కరి దొంగ’ వచ్చింది. అవి ఇష్టపడ్డవాళ్ళకి ఈ ఎడారి కొత్తగా అనిపించదు.

డబ్బింగ్ దొరికినా వద్దు, స్పానిష్ మాటలతోనే చూడండి. ఆ ముసలి గొంతులు పోతే సగం సినిమా పోతుంది. నచ్చితే ఇదే దర్శకుడు 2000లో తీసిన ‘లా కొమునిదాద్’ కూడా చూడండి. ఇందులో కోడలిగా వేసిన కార్మెన్ మౌరానే అందులో ప్రధాన పాత్ర. కథ ఎక్కడా పట్టు తప్పదు.