కష్టాల్లో ఉన్న కుటుంబాల కథలు చిన్నపిల్లలకు చదివి వినిపించవచ్చా?

నిక్షేపంగా వినిపించవచ్చు, కష్టాన్ని ఆ ఇంటి బిడ్డ వైపు నుంచి చెప్పే కథ అయితే. ‘పేదరికం’ అన్న మాట పిల్లలకు అందదు. చేతిలోని చిల్లర, కొనలేని బొమ్మ అందుతాయి.

హిందీ రచయిత ప్రేమ్‌చంద్ కథ ‘ఈద్గాహ్’ చూడండి. ఈద్ సంతకు వెళ్లిన చిన్నపిల్లాడు హమీద్ దగ్గరున్నవి 3 పైసలే. తోటి పిల్లలు మట్టిబొమ్మలు, మిఠాయిలు కొంటుంటే వాడు బేరమాడి పట్టకారు కొంటాడు, పెనం మీది రొట్టె తీస్తూ నానమ్మ వేళ్లు కాల్చుకుంటోందని. చదివేటప్పుడు అక్కడ ఆగి, ‘వాడికి బొమ్మ మీద ఆశ లేదా?’ అని అడగండి. జవాబు మీరు చెప్పకండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఇది బుద్ధిమంతుడి కథ అనుకుని, ‘చూడు, వాడు నీలా బొమ్మలడగలేదు’ అంటారు. హమీద్‌కు ఆశ ఉంది, బొమ్మల్ని ఆశగా చూస్తాడు కూడా. అది దాటేస్తే పిల్లలకు మిగిలేది ఇంటి ఇబ్బంది కాదు, మన చీవాట్లు.