పర్లాకిమిడిలో సర్వర్ పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల తెలుగువాళ్ళ కోసం మాస్టోడాన్ సర్వర్ పెడతానన్నావు, సంతోషం. ట్విట్టర్ లాంటిదే గాని, ఎవరి సర్వర్ వాళ్ళు నడుపుకుంటూ మిగతా సర్వర్లతో మాట్లాడుకునేది కదా అది. "ఎంతమంది చేరితే ఎంత మిషన్ కావాలి మామయ్యా" అని అడిగావు. చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది తల్లీ. ఎంతమంది చేరారన్నది సర్వర్‌కి పెద్దగా పట్టదు. చేరినవాళ్ళు బయట ఎన్ని సర్వర్లతో చుట్టరికం కలుపుకున్నారన్నదే దాని నెత్తిమీద బరువు.

మనవైపు పెళ్ళి శుభలేఖ ఊరికొకటి పెద్దింట్లో ఇచ్చి "అందరికీ చెప్పండి" అని వచ్చేస్తాం కదా, సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యాక్టివిటీపబ్‌లోనూ పద్ధతి దాదాపు అదే. అవతలి సర్వర్‌లో ఎంతమంది ఫాలోవర్లున్నా పోస్టు మాత్రం అక్కడికి ఒక్కసారే వెళ్తుంది. అందుకని వెయ్యిమంది ఫాలోవర్లూ ఒకే సర్వర్‌లో ఉన్నవాడు నీకు బరువు కాదు. వెయ్యి సర్వర్లలో ఒక్కొక్కరు చొప్పున ఉన్నవాడు ఒక్క మాట రాస్తే వెయ్యి డెలివరీలు. ఇరవైమంది ఉన్న సర్వర్‌లో ఒక్కరికి పేరొచ్చిందంటే చాలు, మిషన్ కుంటడం మొదలెడుతుంది.

కుంటినట్టు పైకి తెలీదు, అదే అసలు బాధ. పేజీ తెరుచుకుంటుంది, పోస్టు పడుతుంది, ఎర్రర్ ఏమీ రాదు. కాని నువ్వు పొద్దున రాసింది హైదరాబాదులో ఉన్నవాడికి సాయంత్రం చేరుతుంది. పనులన్నీ వెనక సైడ్‌కిక్ అనే ప్రోగ్రామ్‌లో క్యూలుగా వరస కట్టి ఉంటాయి. అడ్మిన్ పేజీల్లో సైడ్‌కిక్ తెరిచి ఒక్క లేటెన్సీ అంకె, అంటే పని ఎంతసేపు వరసలో ఆగిందన్నది, రోజూ చూడు. సీపీయూ గ్రాఫులు తర్వాత చూసుకోవచ్చు. పుష్ క్యూ పెరిగితే నీ పోస్టులు బయటికి వెళ్ళడం లేదని, ఇంగ్రెస్ పెరిగితే బయటివి లోపలికి దిగడం లేదని అర్థం. ఏ క్యూ పెరిగితే దానికి విడిగా ఒక సైడ్‌కిక్ ప్రాసెస్ పెట్టు. వేళప్రకారం చేసే పనులుండే షెడ్యూలర్ క్యూని మాత్రం ఒకే ఒక్క ప్రాసెస్‌లో నడపాలి, రెండో చోట పెట్టకు.

ఇక్కడ కుర్రాళ్ళు చేసే పని, థ్రెడ్లు, అంటే ఒకేసారి పనిచేసే చేతులు, పెంచుకుంటూ పోవడం. ప్రతి థ్రెడ్డూ డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌కి ఒక కనెక్షన్ పట్టుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఇచ్చే కనెక్షన్లు 100. వెబ్ వైపు పేజీలు అందించే ప్యూమాకి కొన్ని పోగా మిగిలినవే నీవి. అవి చాలని రోజున ఉన్న కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ పెట్టుకుందువుగాని, మొదటి రోజే అక్కర్లేదు. సెర్చ్ కోసం ఎలాస్టిక్‌సెర్చ్ కూడా ఇప్పుడే వద్దు, ర్యామ్ అంతా అదే తినేస్తుంది.

మూతపడిన సర్వర్ల సంగతొకటుంది. అవతలివాడు లేకపోయినా మన మిషన్ మళ్ళీ మళ్ళీ తలుపు కొడుతూనే ఉంటుంది. ఏడు వేర్వేరు రోజులు విఫలమయ్యాక గాని మాస్టోడాన్ ఆ సర్వర్‌ని పక్కన పెట్టదు. రీట్రైల సంఖ్య చూసి బెంబేలు పడకు.

తర్వాత డిస్కు. మీవాళ్ళు పెట్టే ఫొటోలు ఎంతో కాదు. వాళ్ళు ఫాలో అయ్యే బయటివాళ్ళ ఫొటోలు, వీడియోలు కూడా మన సర్వర్ కాపీ చేసి దాచుకుంటుంది. అసలు తినేది అదే. అడ్మిన్ సెట్టింగుల్లో బయటి మీడియాని వారం తర్వాత తీసేసేలా పెట్టు. ఆపైన సొంత మీడియాని ఆబ్జెక్ట్ స్టోరేజీకి, అంటే ఫైళ్ళు విడిగా దాచే అద్దె చోటుకి, మార్చు. మొదట్లోనే మార్చితే సులువు, ఏడాది తర్వాత మార్చడం తలనొప్పి. మా బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర వస్తుంది. వేషాల వీడియోలు ఒక్కసారిగా పడితే ప్రతి వీడియోనీ మన మిషనే వేరే ఫార్మాట్‌లోకి మార్చాలి, ఆ కాసేపు సీపీయూకి ఇంకో పని ఉండదు. అలాంటి రోజుల ముందు మిషన్ ఒక సైజు పెంచుకుని, తర్వాత దించుకోవచ్చు.

మీ ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది కదా అని దానిమీద పెడతానన్నావట, మీ అమ్మ చెప్పింది. వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మీ గజపతి జిల్లా ఎలా అయిపోయిందో నీకు తెలియందా? కరెంటే లేనప్పుడు ఇన్వర్టర్ ఎంతసేపు? అద్దె వీపీఎస్, అంటే ఆన్‌లైన్‌లో అద్దెకిచ్చే మిషన్, తీసుకో. 2 జీబీ ర్యామ్‌తో లేస్తుంది గాని అప్‌గ్రేడ్ చేసేటప్పుడు గిలగిల్లాడుతుంది. 4 ఉండనీ. నిజానికి నీకున్న పాతికమందికీ మాస్టోడాన్‌తో మాట్లాడగలిగే చిన్న సాఫ్ట్‌వేర్ గోటుసోషల్ చాలని నా అభిప్రాయం. 1 జీబీ మిషన్ మీద, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తోనే నడుస్తుంది. ఫీడు చదవడానికి దానికి సొంత వెబ్ పేజీ ఉండదు, టస్కీ లాంటి యాప్ వాడాలి. కాని ఒకే డొమైన్ మీద తర్వాత సాఫ్ట్‌వేర్ మార్చడం పెద్ద తంటా, ముందే తేల్చుకో.

డొమైన్ కూడా అంతే, ఒకసారి పెట్టాక మార్చలేవు. చవకగా వచ్చిందనో, ముద్దుగా ఉందనో ఏదో దేశం పేరున్నది కొనకు. డాట్ ఏఎఫ్ మీద నడిచిన ఒక మాస్టోడాన్ సర్వర్ డొమైన్‌ని 2024 ఫిబ్రవరిలో అఫ్గానిస్థాన్ వాళ్ళు ఆపేశారు.

తలుపు బార్లా తెరిచి పెట్టకు. 2019 నవంబరులో మన దేశంలో, 2022 నవంబరులో ప్రపంచమంతా, ట్విట్టర్ మీద కోపంతో జనం ఒక్కసారిగా మాస్టోడాన్ వైపు వచ్చిపడ్డారు. అలాంటి వరద రోజున చిన్న సర్వర్‌కి రిజిస్ట్రేషన్ ఆపడం తప్ప మందు లేదు. 2024 ఫిబ్రవరిలో ఇంకోటి జరిగింది. ఎవరూ పట్టించుకోని చిన్న సర్వర్లలో ఖాతాలు తెరిచి, అక్కణ్ణుంచి అందరిమీదా స్పామ్ చల్లారు. అలా చల్లిన సర్వర్‌ని మిగతావాళ్ళు బ్లాక్ చేస్తే, తప్పు చెయ్యని నీ పాతికమందీ వెలివాడలో ఉంటారు. అనుమతి ఇచ్చాకే చేరేలా పెట్టు. ఫిర్యాదులు చూడ్డానికి నీతోపాటు ఒడియా బాగా చదవగలిగినవాళ్ళు ఒకరుండాలి. మనవాళ్ళు సగం తిట్లు ఒడియాలోనే తిట్టుకుంటారు మరి! 2021 ఐటీ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు సైట్లో పెట్టాలి, అది మరవకు.

తాళాలు నీ ఒక్కదాని దగ్గరే ఉండకూడదు. మాస్టోడాన్ వాళ్ళు తమ జాబితాలో చేర్చే సర్వర్లని అడిగేవి చూడు: రోజూ బ్యాకప్, అత్యవసరానికి ఇంకొకరి చేతిలో యాక్సెస్, మూసేముందు కనీసం మూడు నెలల గడువు. జాబితాలో చేరినా చేరకపోయినా ఈ మూడూ పాటించు. బ్యాకప్ అంటే డేటాబేస్ ఒక్కటే కాదు, సర్వర్ సెట్టింగులుండే డాట్ ఎన్వ్ ప్రొడక్షన్ ఫైల్లోని రహస్య కీలు కూడా. తీసిన బ్యాకప్‌ని వేరే మిషన్ మీద ఎక్కించి చూడు, లేస్తేనే అది బ్యాకప్. మూసేస్తే జనం ఫాలోవర్లని వేరేచోటికి తీసుకెళ్ళగలరు గాని రాసిన పోస్టులు వెళ్ళవు. మొజిల్లా అంతటిదే 2024 డిసెంబరు 17న తన సర్వర్ మూసేసింది, మనమెంత?

అందుకే హద్దు ఇప్పుడే పెట్టుకో. నన్నడిగితే రెండొందలమంది. అంతవరకూ అందరూ నీకు ముఖం తెలిసినవాళ్ళో, వాళ్ళ చుట్టాలో అయి ఉంటారు, గొడవొస్తే ఫోన్ చేసి మాట్లాడొచ్చు. నెల ఖర్చు కూడా నలుగురు చందా వేసుకుంటే గడిచిపోతుంది. ఆపైన గుణుపురం వాళ్ళో, రాయగడ వాళ్ళో చేరతామంటే నీ మిషన్ పెంచకు, వాళ్ళచేతే ఇంకోటి పెట్టించు. రెండు సర్వర్ల మధ్య మాటలు ఎలాగూ నడుస్తాయి, సెటప్‌కి నేనొస్తాను.

ఇట్లు,
బరంపురం మామయ్య