ఎస్టీమ్‌కు స్విఫ్ట్ ఈసీఎం పెట్టబోతున్న అల్లుడికి

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నీ పాత మారుతి ఎస్టీమ్‌కు స్విఫ్ట్ ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ బాక్సు, పెట్టాలని చూస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచి ఆలోచనే. 2005లో వచ్చిన మొదటి పెట్రోల్ స్విఫ్ట్‌లో ఉన్నదీ, నీ కారులో ఉన్నదీ ఒకే జీ13బీబీ 1.3 లీటర్ ఇంజన్. కాబట్టి పని కుదురుతుంది. కానీ ఏ ల్యాప్‌టాప్ కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ వెయ్యాలి అనే నువ్వు అడిగావట. అల్లుడూ, ప్రోగ్రామింగ్ ఆఖరి పని. దానికి ముందు వైరింగ్, సెన్సర్లు సరిగ్గా కుదరాలి. అక్కడి తేడాను ల్యాప్‌టాప్‌తో సర్దేద్దామనుకున్న వాళ్ళ కార్లు నెలల తరబడి షెడ్డులోనే ఉండిపోవడం ఆటోనగర్‌లో చూస్తూనే ఉన్నాను.

పాత కార్ల సామాను కోసం ఎలాగూ చెన్నై పుదుపేట బజారుకే పోతావు. అక్కడ బాక్సు ఒక్కటే కొనుక్కొని రావద్దు. స్విఫ్ట్‌కు ఐక్యాట్స్ ఇమ్మొబిలైజర్ ఉంటుంది. తాళంచెవిలోని చిప్ కోడ్ సరిపోతేనే ఈసీఎం ఇంజన్‌ను స్టార్ట్ కానిస్తుంది. అందుకని ఈసీఎం, ఇమ్మొబిలైజర్ డబ్బా, తాళంచెవి, కీ పెట్టే చోట ఉండే రింగు కాయిల్, ఈ నాలుగూ ఒకే కారువి కావాలి. విడిగా కొంటే వాటిని కలపడానికి ఈసీఎం లోపలి మెమరీ చిప్‌తో కుస్తీ పట్టాలి. వైర్లను బాక్సుకు తగిలించే కప్లర్లను కనీసం జానెడు వైరుతో కోయించుకో. 2010లో బీఎస్4 పొగ నిబంధనలప్పుడు స్విఫ్ట్‌కు 1.2 కె సిరీస్ ఇంజన్ వచ్చింది. దాని ఈసీఎం చూపించి ‘అన్నీ ఒకటే సార్’ అంటే వినొద్దు. స్టిక్కర్ మీది పార్ట్ నంబర్ ఫోటో తీసుకొని నాకు పంపు, చూసి చెప్తాను. ఇంకొకటి, 2015లోనూ 2023లోనూ చెన్నై మునిగింది. వరదలో మునిగిన కార్ల సామాను కూడా సెకండ్స్‌లోకి వస్తుంది. కప్లర్ పిన్నుల మొదట్లో పచ్చటి చిలుము కనిపిస్తే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

ఇంటికొచ్చాక మొదట చూడాల్సింది క్రాంక్, క్యామ్ సిగ్నల్, అంటే ఇంజన్ షాఫ్టులు తిరిగే లెక్కను సెన్సర్లు చెప్పేది. షాఫ్టు మీది పళ్ళ చక్రాన్ని బట్టే పిస్టన్ ఎక్కడుందో ఈసీఎంకు తెలిసేది. 60 పళ్ళలో రెండు తీసేసిన చక్రం ఒక రకం, 36లో రెండు తీసేసినది ఇంకో రకం. ఈసీఎం ఎదురుచూసే లెక్క ఒకటి, నీ ఇంజన్ ఇచ్చే లెక్క ఒకటి అయితే రోజంతా సెల్ఫ్ కొట్టినా స్పార్క్ రాదు, వచ్చినా తప్పు సమయంలో వస్తుంది. అలాంటప్పుడు ప్రోగ్రాం జోలికి పోకుండా, స్విఫ్ట్ సెన్సర్‌నూ చక్రాన్నీ తెచ్చి బిగించు. స్పార్క్ ఇచ్చే ఇగ్నిషన్ కాయిళ్ళ సంగతీ అంతే. ఈసీఎం ఏ కారుదో కాయిళ్ళూ ఆ కారువే ఉండాలి.

ఇంజన్ వేడిని కొలిచే టెంపరేచర్ సెన్సర్‌ను ఊరికే వదిలేస్తారు చాలామంది. దాన్ని విప్పి స్టీల్ గ్లాసులో నీళ్ళు పోసి ముంచు, రెండు పిన్నులకు మల్టీమీటర్ పెట్టు. కాచని మామూలు నీళ్ళలో రెండు వేల ఓమ్స్ చుట్టుపక్కల చూపిస్తుంది. నీళ్ళు కాగేకొద్దీ రీడింగ్ పడిపోతూ 80 డిగ్రీల దగ్గర మూడు వందలకు వస్తుంది. స్విఫ్ట్ సెన్సర్‌నూ అదే గ్లాసులో ముంచి రెండు రీడింగులూ పక్కపక్కన రాసుకో. తేడా ఉంటే స్విఫ్ట్‌దే పెట్టు. లేకపోతే మన చిత్తూరు ఎండల్లో కూడా ఈసీఎం ఇంజన్ చల్లగా ఉందనుకొని పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. నల్ల పొగ వస్తుంది, ప్లగ్గులు మసిబారుతాయి, నువ్వేమో ఇంజెక్టర్లను తిడుతూ కూర్చుంటావు.

వైర్లను మెలితిప్పి టేపు చుట్టే పని మాత్రం చెయ్యొద్దు. సోల్డర్ చేసి స్లీవ్ వెయ్యి. ఎర్త్ ఎంత బాగుందో సెల్ఫ్ కొట్టేటప్పుడు తెలుస్తుంది. ఈసీఎం ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మీటర్ పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. 0.1 వోల్ట్ దాటితే ఎర్త్ పాయింటు తుప్పు గీకి మళ్ళీ బిగించు. సైలెన్సర్ పైపులో పొగను చూసే ఆక్సిజన్ సెన్సర్ హీటర్ ఉన్నదే వాడు. ఆ సెన్సర్‌నే ప్రోగ్రాంలో తీసేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకు. చెక్ ఇంజన్ లైటు ఆరిపోతుంది నిజమే, కానీ పెట్రోల్, గాలి మిక్చర్ తప్పినా ఈసీఎంకు తెలిసే దారి ఉండదు. ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

ఇవన్నీ అయ్యాకే ల్యాప్‌టాప్ తెరువు. రాయడానికి ముందు చదువు. ఈసీఎంలోని ఒరిజినల్ ఫైల్‌ను రెండుసార్లు చదివి, రెండూ అక్షరం తేడా లేకుండా ఒకటేనని సరిచూసి, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మెయిల్‌లో దాచుకో. ఫైల్‌లో ఏం మార్చినా చెక్‌సమ్, అంటే ఫైల్ సరిగ్గా ఉందని సరిచూసుకునే అంకె, సరిచెయ్యాలి, లేదంటే ఈసీఎం దాన్ని ఒప్పుకోదు. రాసేటప్పుడు బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉంచు. ఫ్యాను, లైట్లు, స్టీరియో అన్నీ ఆఫ్. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ దాని బ్యాటరీ మీద నడిచేలా చూసుకో. మధ్యలో వోల్టేజ్ పడిపోయి రాత ఆగితే, బాక్సు విప్పి బల్ల మీద రికవర్ చెయ్యడం తప్ప దారి ఉండదు. మొదటిసారి పికప్ పెంచుదామనే ఆశ వద్దు. కంపెనీ మ్యాప్‌తోనే, అంటే పెట్రోల్, స్పార్క్ లెక్కల ఒరిజినల్ పట్టికతోనే నడవనీ.

స్టార్ట్ అయ్యాక స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీఎం పెట్రోల్‌ను ఎంత శాతం పెంచి తగ్గించి సర్దుకుంటోందో చూడు. ప్లస్ పది శాతానికీ మైనస్ పది శాతానికీ మధ్య నిలబడితే టెన్షన్ అక్కర్లేదు. దాటితే గాలి లీకేజీ, ఫ్యూయల్ ప్రెషర్ చూడు, మ్యాప్ ముట్టుకోకు. ఊళ్ళో కొన్నాళ్ళు తిప్పాక మొగిలి ఘాట్ ఎక్కించు. తిరుమల ఘాట్‌లో మాత్రం ట్రయల్ వద్దు, వెనక భక్తుల బండ్లు ఆగిపోతాయి. మొగిలి ఎక్కుతూ మూడో గేరులో టకటకమని నాకింగ్ వినిపిస్తే వెంటనే యాక్సిలరేటర్ వదిలెయ్యి, వెనక్కి వచ్చి స్పార్క్ టైమింగ్ చూడు. పలమనేరు ఎత్తులో గాలి పలచబడినా ఐడిలింగ్ కదలకుండా ఉంటే ఇంజన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ (పైన చెప్పిన పట్టిక కాదు) సరిగ్గా చెప్తోందని అర్థం.

పాత ఈసీఎంనూ పాత వైరింగ్ కప్లర్లనూ స్క్రాపుకు వెయ్యొద్దు, కవర్లో చుట్టి డిక్కీలో పెట్టు. పుదుపేటకు ఆదివారం కాకుండా వేరే రోజు పోయేలా ఉంటే చెప్పు, నేనూ వస్తాను. పుత్తూరులో నన్ను ఎక్కించుకో.

ఇట్లు,
మామ