ముందురోజే కలిపి పెట్టుకోవచ్చా?

ప్రశ్న: సెలవు రోజున పదిమందిమి పిక్నిక్‌కి వెళ్తున్నాం. సగంమంది మందు ముట్టరు, పిల్లలూ ఉన్నారు. డ్రింకులు ముందురోజే కలిపేసి తీసుకెళ్తే పాడవుతాయా?

జవాబు: కలపండి, కానీ మందు సీసా జోలికి మాత్రం అప్పుడే వెళ్లకండి. అందరికీ ఒకటే నిమ్మ షర్బత్ బేస్ చాలు. పంచదార, నీళ్లు సమానంగా తీసుకుని, కరిగేదాకా వేడిచేసిన పాకం 250 మి.లీ. రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేయండి. నిమ్మరసం 300 మి.లీ. మాత్రం పొద్దున్నే పిండండి. రాత్రి పిండితే తాజా వాసన పోతుంది, నాకైతే మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. రెండూ కలిపితే గ్లాసుకి 55 మి.లీ. వస్తుంది. దానిమీద చల్లటి సోడా పోస్తే పిల్లలకి మాక్‌టెయిల్, 45 మి.లీ. జిన్ చేరిస్తే పెద్దలకి కాక్‌టెయిల్. వెనక్కి బండి నడిపేవాళ్లు పిల్లల జట్టే, ఇందులో బేరాల్లేవు!

సోడా ముందే కలిపితే గ్యాసంతా పోయి చప్పబడుతుంది. పుదీనా తరగొద్దు, నల్లబడుతుంది. ఆకులు తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లి, గ్లాసులో వేసేముందు అరచేతుల మధ్య ఒక్క చప్పట్లా చరచండి.

పూర్తిగా ముందే కలపాల్సిందేనంటే, పెద్దలకి నెగ్రోనీ అనే కాక్‌టెయిల్ మేలు. జిన్, కంపారీ (చేదుగా ఉండే ఎర్రటి లిక్కర్), స్వీట్ వెర్మూత్ (మూలికలు కలిపిన తియ్యటి వైన్) సమపాళ్లు, రసాల్లేవు కాబట్టి రుచి చెడదు. ఐసులో తిప్పితే కరిగి చేరే నీటికి బదులుగా గ్లాసుకి 20 మి.లీ. నీళ్లు మీరే పోయండి. ఐసు సంచులెందుకు? నీళ్ల సీసాలే, కాస్త ఖాళీ వదిలి, గడ్డకట్టించి సర్దుకోండి.